సంక్రాంతి సాయంత్రం మిద్దె మీదికి కారంకారంగా నాలుగు రకాలు, పొయ్యి మీద వేగేది మాత్రం ఒక్కటే

అందరికీ నమస్కారం. ఎట్లుండారు అంతా, పండగ పనులు యాడిదాకా వచ్చినాయి? మాది కడప, రేపు భోగి, ఎల్లుండి సంక్రాంతి, ఈసారి మా ఇంట్లో మొత్తం 17 మంది చేరుతాండారు, బెంగళూరు నుంచి మా అన్నావాళ్లు, ప్రొద్దుటూరు నుంచి చిన్నాయనోళ్లు, అనంతపురం నుంచి మా పెద్దమ్మావాళ్లు. పొద్దున పూజ, పెద్దలకు బట్టలు పెట్టుకోవడం, మధ్యాహ్నం ఓలిగల మీద నెయ్యి పోసుకుని తినడం, అదంతా ఎప్పుడూ ఉండేదే, దాని గురించి నేను చెప్పేదేం లేదు. నేను చెప్పాలనుకునేది సాయంత్రం సంగతి. నాలుగున్నర ఐదయ్యేసరికి ఎండ తగ్గుతుంది, ఒక్కొక్కరే చాపలు ఎత్తుకుని మిద్దె మీదికి చేరతారు, పొద్దుట్నుంచి తీపి తిని తిని నోరంతా ఒక మాదిరిగా అయిపోయింటుంది, అప్పుడు కారంగా, కరకరలాడేది ఏమన్నా ఉందా అని ఎవరో ఒకరు అడుగుతారు, మా ఇంట్లో అయితే అడిగేది మా చిన్నాయనే. హోటళ్లలో స్టార్టర్స్ అంటారు చూడండి, భోజనానికి ముందు మాటల్లో పడి నోట్లో వేసుకునేవి, ఈరోజు అవే.

పోయిన సంక్రాంతికి మేం మిరపకాయ బజ్జీలు పెట్టుకున్నాం. బజ్జీ అంటే వేడి మీద తినాల్సిందే కదా, అమ్మ కింద ఒక వాయి తీసి పంపడం, ప్లేటు ఖాళీ అయి కిందికి పోవడం, మళ్లా ఒక వాయి, ఇట్లా గంటన్నర జరిగింది. నేను పైన వదినతో మాట్లాడుకుంటా ఇంకో ప్లేటు పట్టుకురాపో అని పిల్లోళ్లని పంపిస్తానే ఉన్నా. చివరికి మా అన్న కొడుకు, ఐదో తరగతి చదువుతాడు, వాడు కిందికి పోయొచ్చి చెప్పినాడు, అత్తా, జేజి ఒక్కటి కూడా తినలేదంట, నూనె వాసనకి ఆకలి చచ్చిపోయిందంట అని. నేను దిగి పోయి చూస్తే గట్టు మీద ఒక చిన్న గిన్నె, దాని మీద మూత, అందులో రెండు బజ్జీలు మెత్తగా చల్లారిపోయి ఉన్నాయి, అవి అమ్మ తనకోసం తీసిపెట్టుకున్నవి. నాకు చాలా బాధేసింది, ఇప్పటికీ ఆ గిన్నె కళ్లముందే ఉంది.

అందుకే ఈసారి ఇంట్లో ఒక మాట అనుకున్నాం. పండగ సాయంత్రం పొయ్యి మీద ఒక్క ఐటమే వేగాల, అది కూడా అరగంటలో అయిపోవాల, మిగిలినవన్నీ ముందురోజో, ఆ పొద్దున్నో తయారై ఉండాల, కలుపుకోవడం తప్ప వేరే పని ఉండకూడదు. అందరూ పైన కూర్చుంటే వంట చేసినోళ్లూ పైనే కూర్చోవాల.

ఆ ఒక్క వేగే ఐటం ఏదంటే అలసంద వడ. మన సీమలో పండగంటే నాటుకోడి పులుసు పక్కన అలసంద వడ ఉండాల్సిందే, కనుమ రోజు అది ఎట్లాగూ చేస్తాం, నేను ఒకరోజు ముందుకు జరుపుతాండా అంతే. బజ్జీకీ దీనికీ తేడా ఏందంటే బజ్జీ ఐదు నిమిషాలకే మెత్తబడిపోతుంది, ఈ వడ గంట తర్వాత కూడా అంచుల్లో కరకరలాడతానే ఉంటుంది, అందుకని మొత్తం ఒకేసారి కాల్చుకుని పైకి ఎత్తుకుపోవచ్చు.

అర కేజీ అలసందలు ముందురోజు రాత్రి నానబెట్టండి, ఆరు గంటలు నానితే చాలు గానీ రాత్రే వేస్తే మర్చిపోయే గొడవ ఉండదు. పొద్దున చేత్తో పిసికి నీళ్లు మార్చుకుంటా పోతే పొట్టు పైకి తేలుతుంది, తేలినంత తీసేయండి, మొత్తం పోవాల్సిన పనిలేదు. తర్వాత జల్లి బుట్టలో వేసి అరగంట వదిలేయండి, ఈ అరగంట చాలా ముఖ్యం, తడి పప్పు రుబ్బితే పిండి జారుగా వచ్చి వడ నూనె తాగేస్తుంది, ఆమీద బియ్యప్పిండి కలిపినా ఆ రుచి రాదు. ఒక గుప్పెడు పప్పు పక్కకి తీసిపెట్టుకుని మిగతాది మిక్సీలో చుక్క నీళ్లు పోయకుండా, ఎనిమిదో పదో పచ్చిమిరపకాయలు, రెండించుల అల్లం ముక్క, ఏడెనిమిది వెల్లుల్లి రెబ్బలు, ఒక స్పూను జీలకర్ర వేసి ఆపి ఆపి తిప్పండి. మెత్తగా కాకూడదు, వేళ్ల మధ్య రాస్తే పప్పు పలుకు తగలాల. తీసిపెట్టిన గుప్పెడు పప్పు ఇప్పుడు అట్లే కలిపేయండి, వడ కొరికినప్పుడు అక్కడక్కడ పంటికి తగిలేది అదే.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటి చెప్తా. రుబ్బిన వెంటనే ఉప్పూ ఉల్లిపాయా కలిపి పక్కన పెట్టేస్తారు. ఉప్పు తగిలితే ఉల్లిపాయ నీళ్లు వదులుతుంది, గంటకల్లా పిండి పల్చబడిపోతుంది. మధ్యాహ్నమే రుబ్బుకుంటే పిండి వట్టిదే ఫ్రిజ్‌లో పెట్టండి, ఉల్లిపాయలు, కరివేపాకు, కొత్తిమీర తరిగి వేరే డబ్బాలో పెట్టండి, మూకుట్లో నూనె కాగుతున్నప్పుడు కలుపుకోండి, ఉప్పు అన్నిటికంటే ఆఖర్న.

ఇదిగో నేను ఇప్పుడు ట్రయల్‌గా ఒక వాయి వేస్తాండా, దగ్గరికి చూపిస్తా చూడండి. చెయ్యి తడుపుకుని నిమ్మకాయంత ముద్ద తీసుకున్నా, అరచేతిలో పెట్టి రెండు వేళ్లతో ఒత్తుతాండా, చూడండి, అంచులు పగుళ్లు వస్తున్నాయి. దాన్ని సరిచేయొద్దు, నున్నగా గుండ్రంగా దిద్దొద్దు, ఆ పగుళ్లలోకి నూనె పోయి అక్కడే కరకరలాడేది. నూనె కాగిందో లేదో చూడాలంటే గోరంత పిండి వేయండి, వేసీ వేయంగానే పైకి లేస్తే మరీ కాగిపోయినట్టు, పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది, అడుగునే ఉండిపోతే ఇంకా కాగాల, ఒకటి రెండు లెక్కపెట్టేలోపు మెల్లగా పైకి రావాల. మంట మధ్యస్తంగా పెట్టి ఐదారు నిమిషాలు. అర కేజీకి చిన్నవి 40 పైనే వస్తాయి, మా మూకుట్లో వాయికి తొమ్మిది పడతాయి, ఐదు వాయిలు, అంటే అరగంట, నేను పెట్టుకున్న లెక్కలోపలే. నూనె మాత్రం చెనిక్కాయ నూనే, అంటే పల్లీ నూనే వాడండి, ఈ వడకి వేరే నూనె నాకైతే నచ్చదు.

ఇంగ రెండోది, దీనికి సాయంత్రం పొయ్యితో పనే లేదు. జొన్న రొట్టెలు, మెత్తటివి కాదు, బాగా ఆరబెట్టిన గట్టి రొట్టెలు, విరిస్తే టప్పుమని విరిగేవి. మన కర్నూలు, అనంతపురం, కడప మూడు చోట్లా రొట్టెలు చేసి అమ్మే అక్కలు ఉండారు, రెండు రోజుల ముందు చెప్తే గట్టిగా కాల్చి ఇస్తారు, ఒక పది తీసుకోండి, మీరు చేసుకుంటే ఇంకా మంచిది. వాటిని బిస్కెట్ సైజుకి విరిచి, మీద ఎర్రకారం పూసి, ఆమీద పప్పుల పొడి చల్లి, సన్నగా తరిగిన ఉల్లిపాయ నాలుగు పలుకులు పెట్టి ఇవ్వండి. అర్థమైంది కదా, మన కారం దోశ మీద ఉండేదంతా దోశ లేకుండా రొట్టె మీదికి వచ్చేసింది. బెంగళూరులో ఉండే మా వదిన అక్కడ ఎంత తిరిగినా కడప కారం దోశ రుచి దొరకదు అంటుంది, ఇది ఆమె కోసమే అనుకున్నా.

ఎర్రకారానికి 15 ఎండుమిరపకాయలు వేడినీళ్లలో అరగంట నానబెట్టి, రెండు ఉల్లిపాయలు, ఆరు వెల్లుల్లి రెబ్బలు, ఉప్పు, చిన్న చింతపండు రెబ్బ వేసి మెత్తగా రుబ్బాల. దోశ మీదికైతే పచ్చిదే పూస్తాం, అది పెనం మీద కాలుతుంది కాబట్టి సరిపోతుంది, రొట్టె మీద కాలేదేం లేదు కదా, అందుకని మూడు స్పూన్ల నూనెలో ఒక ఐదారు నిమిషాలు మగ్గించండి, పచ్చివాసన పోయి నూనె పక్కలకు తేలాల. ఇట్లా మగ్గిస్తే ఫ్రిజ్‌లో మూడు రోజులు బాగుంటుంది. పప్పుల పొడి మీ అందరికీ వచ్చిందే, ఒక కప్పు పప్పులు, అంటే పుట్నాలు అంటారు చూడండి, అవి, ఆరు ఎండుమిర్చి, పొట్టుతోనే నాలుగు వెల్లుల్లి, జీలకర్ర, ఎండుకొబ్బరి, ఉప్పు. ముందే పూసి పెట్టొద్దు, రొట్టె తడి పీల్చి మెత్తబడుతుంది, మూడు గిన్నెలూ మధ్యలో పెట్టేస్తే ఎవరిది వాళ్లు పూసుకుంటారు, పిల్లోళ్లకి అది పెద్ద ఆట.

మూడోది బొరుగులు, అంటే మరమరాలు. బొరుగులనగానే ఉగ్గాని గుర్తొస్తుంది, ఉగ్గాని అంటే నాకు ప్రాణం, కానీ అది పొద్దున టిఫిన్‌కే, తడిపిన బొరుగులు కాబట్టి చల్లారితే ముద్దగా అయిపోతుంది, పది మంది పది టైముల్లో తినేదానికి కుదరదు. ఇవి పొడి బొరుగులు. పావు కేజీ బొరుగులు ముందు వట్టి మూకుట్లో సన్న మంట మీద వేడి చేయండి, ఒకటి నలిపితే పొడిగా రాలాల. వేరేగా నాలుగు స్పూన్ల నూనెలో చెనిగ్గింజలు వేయించి, అవి చిటపటమన్నాక పప్పులు, కచ్చాపచ్చాగా దంచిన వెల్లుల్లి, తుంచిన ఎండుమిరప, రెండు రెమ్మల కరివేపాకు, పసుపు, ఉప్పు వేసి, దాంట్లో బొరుగులు పోసి తిప్పేయడమే. చల్లారాక గాలి పోకుండా డబ్బాకెత్తండి, వేడి మీద మూత పెడితే ఆవిరి పట్టి మెత్తబడతాయి. సాయంత్రం ఒక్కొక్క గిన్నె కావాల్సినప్పుడే ఉల్లిపాయ, టమాటా, కొత్తిమీర, నిమ్మరసం, ఒక స్పూను పప్పుల పొడి. టమాటాలో గింజల గుజ్జు తీసేసి గట్టి భాగమే తరగండి. మొత్తం డబ్బా ఒకేసారి కలిపేస్తే మాత్రం పదినిమిషాల్లో అయిపోవాల, లేదంటే పారేయడమే.

నాలుగోది ఉడకబెట్టిన చెనిక్కాయలు. మా కడపలో చెనిక్కాయలంటాం, కర్నూలు వైపు బుడ్డలంటారు, హైదరాబాద్ పోతే పల్లీలు, పేరేదైనా కాయ మన సీమదే అని నాకు గర్వం. కదిరిలో చెనిక్కాయ మీద పరిశోధన చేసే కేంద్రమే ఉంది, కదిరి-6 అనే విత్తనం అక్కడ పుట్టిందే, మా చిన్నాయన చేను మీద ఎన్నో ఏళ్లు అదే వేసినాడు. ఇప్పుడు పచ్చికాయ దొరక్కపోతే ఎండుకాయలు పొట్టుతోనే రాత్రి నానబెట్టి, పొద్దున ఉప్పు కొంచెం ఎక్కువే వేసి కుక్కర్లో ఆరేడు విజిల్స్ రానిచ్చి, ఆ ఉప్పునీళ్లలోనే ఒక గంట వదిలేయండి, ఉప్పు లోపలికి దిగేది ఆ గంటలోనే. పెద్దోళ్లు ఒలుచుకుంటా మాట్లాడుకుంటారు, ఇది తొందరగా అయిపోయే ఐటం కాదు, అందుకే నాకిష్టం.

చెనిక్కాయల గురించి రెండు మాటలు మాత్రం గట్టిగా చెప్తా. నల్లబడినవి, ముడుచుకుపోయినవి, బూజు వాసన వచ్చేవి ఉంటే మొహమాటపడకుండా పారేయండి. బూజు పట్టిన గింజల్లో అఫ్లటాక్సిన్ అనే విషం చేరుతుంది, అది లివర్‌కి చేటు, వేయించినా ఉడకబెట్టినా పూర్తిగా పోదు. ఇంకోటి, ఇంటికొచ్చే పిల్లోళ్లలో ఎవరికైనా చెనిక్కాయలు పడవా అని వాళ్ల అమ్మని ముందే అడగండి, కొందరికి ఒక్క గింజతో కూడా ఊపిరాడదు, అట్లాంటి పిల్లలు వస్తాంటే బొరుగుల్లో గింజలు వేయొద్దు, వడలకి నూనె కూడా మార్చేయండి, నా ఇష్టం సంగతి పక్కన పెట్టి.

ఇంగ మిగిలినవి ఏం చేయాలంటే, వడలు మిగిలితే కనుమ రోజు కోడి పులుసులోకి, ఎర్రకారం మిగిలితే పొద్దున దోశ మీదికి. వడలు కాల్చిన నూనె చల్లారినాక వడకట్టి పోపులకి రెండు మూడు రోజుల్లో వాడేయండి, మళ్లా మళ్లా మూకుట్లో కాచొద్దు.

ఆ, వాయి అయిపోయింది, తీసేస్తాండా. రంగు చూడండి, మరీ ఎర్రగా కాదు, ఇట్లా బెల్లం రంగు వస్తే చాలు. ఇది విరుస్తాండా, వినపడిందా ఆ చప్పుడు, లోపల పిండి మెత్తగా ఉంది, పొగలు వస్తున్నాయి. అమ్మా, ఇట్లా రామ్మా, ఆ పని అట్లే వదిలేసి ఈ కుర్చీలో కూర్చో, మొదటిది నువ్వే తినాల, ఉప్పు సరిపోయిందా లేదా చెప్పు.