బొమ్మ అంబాసిడర్‌కి తుప్పు పట్టించడం

అందరికీ నమస్కారం.

మోడల్ కార్ల ప్రదర్శనకి వెళ్తే తుప్పు పట్టిన బండి ఒకటైనా కనిపిస్తుంది. దూరం నుంచే తెలిసిపోతుంది, ఒళ్లంతా నారింజ రంగు. బానెట్టూ నారింజే, సైలెన్సరూ నారింజే, ఆఖరికి రేడియేటరూ నారింజే. చేసినవాళ్లకి చెయ్యి తిరిగిందనడంలో సందేహం లేదు. ఆ బండి మీద వాన నీళ్లు ఎక్కడ నిలిచి ఉంటాయన్నది మాత్రం వాళ్లు ఆలోచించలేదు. ఈ రోజు నేను చెప్పేదంతా దాని గురించే. రంగు సీసాల మూతలు కాసేపాగి తీద్దాం.

మీరు కడుతున్న కారు ఏదైనా కావచ్చు. నేను అంబాసిడర్‌ని తీసుకుంటాను, మనందరం ఎరిగిన బండి కాబట్టి. 2014లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో దాని తయారీ ఆగిపోయింది గానీ ఏ ఆఫీసు ప్రహరీ పక్కనో, ఏ మెకానిక్ షెడ్డు వెనకో ఇంకా దొరుకుతుంది. వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని చూడండి. టాప్ మీద పెయింటు ఎండకి వెలిసిపోయి ఉంటుంది, వేలితో రాస్తే పొడి అంటుతుంది. అక్కడ తుప్పు తక్కువే, నీరు జారిపోతుంది కదా. డోర్ అడుగు అంచు చూడండి. అద్దం పక్క సందులోంచి దిగిన నీరు డోర్ లోపలే కిందకి పోతుంది. బయటికి పోవడానికి అడుగున చిన్న కంతలుంటాయి. అవి దుమ్ముతో పూడాయంటే నీరు అక్కడే మకాం వేస్తుంది. అందుకే తుప్పు డోర్‌ని లోపల్నుంచి తింటుంది. పైన ముందు పెయింటు బొబ్బలెత్తుతుంది, తర్వాత పెచ్చులూడుతుంది, చివరికి రేకే చిల్లు పడుతుంది. మడ్‌గార్డు లోపలి మడతలో బురద చేరినా ఇదే వరస.

ఊరు కూడా లెక్కలోకి వస్తుంది. విశాఖ సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. ఉప్పు కలిసిన తేమలో తుప్పు చాలా వేగంగా పెరుగుతుంది. అదే బండి అనంతపురం ఎండలో పడి ఉంటే రంగు వెలుస్తుంది, టైర్లు బీటలిస్తాయి, తుప్పు మాత్రం నిదానం. మీ బండి ఏ ఊళ్లో పడి ఉందో ముందే అనుకోండి. సగం నిర్ణయాలు అక్కడే అయిపోతాయి.

ఇక లోహం. అంబాసిడర్‌లో చాలా ఏళ్లు వచ్చిన 1489 సీసీ పెట్రోల్ ఇంజనుకి బ్లాకూ హెడ్డూ రెండూ పోత ఇనుమే. వాటికి తుప్పు పట్టించండి, అడ్డు చెప్పను. కార్బురేటర్ ఒళ్లు ఇనుము కాదు కాబట్టి దానికి ఎర్రతుప్పు రాదు, తెల్లని బూజులాంటి పొడి వస్తుంది. పాత రేడియేటర్‌లో ఇత్తడి, రాగి ఉంటాయి. కారిన చోట పచ్చని చిలుము పడుతుంది. బంపర్ ఉక్కుదే, పైన క్రోమ్ పూత. క్రోమ్ తుప్పు పట్టదు, దానిలోని సన్న కంతల్లోంచి కింది ఉక్కుకి తుప్పు పడుతుంది. అంటే చుక్కలు చుక్కలుగా, సన్న మొన బ్రష్‌తో పెట్టాల్సిన పని. స్పాంజితో అద్దేస్తే కుదరదు.

కొలత సంగతి చాలామంది మరిచిపోతారు. 1:24 స్కేలులో, అంటే అసలు బండిలో ఇరవై నాలుగో వంతు కొలతలో, అర మిల్లీమీటరు పెచ్చు అంటే అసలు బండి మీద 12 మిల్లీమీటర్లు, బొటనవేలి గోరంత. ఉప్పు పలుకులు చల్లి, పైన రంగు కొట్టి, తర్వాత రాల్చే పద్ధతి మీరు వినే ఉంటారు. వంటింటి దొడ్డుప్పు వాడితే అసలు బండి మీద అరచేయంత మచ్చలు తేలతాయి. మెత్తని ఉప్పు వాడండి, అదీ చిటికెడు.

పెచ్చులూడిన రేకుకి నాకు నచ్చేది హెయిర్‌స్ప్రే పద్ధతి. ముందు ముదురు గోధుమ రంగు, దాని మీద అక్కడక్కడ కాస్త ఎరుపు. ఆరాక వార్నిష్ కోటు. దాని మీద హెయిర్‌స్ప్రే పల్చగా రెండు సార్లు. ఆపైన బండి రంగు, అది నీళ్లతో కలిపే అక్రిలిక్కే అయి ఉండాలి. ఆరిన కాసేపటికే నీళ్లతో తడిపి, బిరుసు బ్రష్‌తో మెల్లగా రుద్దితే కింద హెయిర్‌స్ప్రే కరిగి రంగు లేస్తుంది. ఎనామిల్ కొడితే నీరు లోపలికి దిగదు, ఎంత రుద్దినా లాభం లేదు. ఎక్కడ రుద్దాలో ఇందాక చెప్పాను: డోర్ అడుగు, మడ్‌గార్డు అంచు, డిక్కీ చుట్టూ రబ్బరు ఉండే గాడి.

ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గర, అంటే ఇంజను పొగని సైలెన్సర్ పైపులోకి చేర్చే పోత ఇనుప గొట్టాల దగ్గర కొంచెం ఆగుదాం, ఈ పని రుచి తెలిసేది అక్కడే. బండి నడిచినన్నాళ్లూ అది వేడెక్కుతూ, చల్లారుతూ ఉంటుంది. కాబట్టి చారలు ఉండవు, ఒంటినిండా సమంగా మాసిన గోధుమ రంగు. ముందు నలుపు కలిపిన గోధుమ రంగు వేయండి, మెరుపు అస్సలు వద్దు. పోత ఇనుము గరుకుదనం కోసం అదే రంగులో కాస్త టాల్కం పౌడర్ కలిపి, పొట్టి బ్రష్‌తో పొడుస్తూ అద్దండి. తర్వాత జేగురు. అరుగులకి పూసే జేగురే, దాని ఎరుపు కూడా ఐరన్ ఆక్సైడే, తుప్పుకి చుట్టం. మార్కెట్లో విదేశీ పొడి డబ్బాలు బోలెడున్నాయి, కొనొద్దనను గానీ నా దృష్టిలో దీనికి అవి దండగ. కాకపోతే కొట్టులో దొరికింది దొరికినట్టు వాడొద్దు, వస్త్రగాళితం పట్టండి. పలుకు మిగిలితే ఈ స్కేలులో అది రాయంత కనిపిస్తుంది. పొడిని బ్రష్‌తో తట్టి, టర్పెంటైన్ ఒక్క చుక్క అంచున తాకించండి, అదే పాకుతుంది. లేత నారింజ రంగు నట్ల చుట్టూ, పైపు అతికిన చోట మాత్రమే, కొద్దిగా. అది కొత్త తుప్పు. పాతబడేకొద్దీ తుప్పు నల్లబడుతుంది.

కమాన్ కట్టల గురించి, అంటే ఉక్కు పట్టీలు పేర్చిన స్ప్రింగుల గురించి ఎక్కువ చెప్పను. పట్టీకీ పట్టీకీ మధ్య సందులో ముదురు రంగు, అంచున గ్రీజు పట్టిన దుమ్ము, చాలు.

వానాకాలంలో లక్కర్ స్ప్రే చేస్తే గాలి తేమకి పైన తెల్లగా పాలపొర కడుతుంది. కోస్తా వాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. ఎండ వచ్చిన రోజు దాకా ఆగండి. ఇంకో మాట, పొడి అద్దిన భాగాల మీద చివర్లో వార్నిష్ కొట్టకండి. రంగు ముదిరిపోతుంది, లేత నారింజ కాస్తా మాయమవుతుంది. ఆ భాగాల్ని చేత్తో ముట్టకుండా ఆఖరున బిగించుకోవాలి, అంతే.

మానిఫోల్డ్‌లు ఆ ట్రేలో ఉన్నాయి, తలా ఒకటి తీసుకోండి. బ్రష్‌లు పొడిగా ఉన్నాయో లేదో చూసుకోండి.