కాయిల్ మీది పొర

పలమనేరు నుంచి వచ్చిన అన్నలకూ అక్కలకూ, ఇక్కడి తిరుపతి మిత్రులకూ నమస్కారం.

కట్టెల ఆవంలో కుండలు కాల్చే మీకు మంట రంగు చూస్తేనే వేడెంతో తెలిసిపోతుంది. కరెంటు ఆవం, అంటే కిల్న్‌లో మాత్రం వేడినిచ్చే తీగచుట్ట, అదే కాయిల్, దాని సంగతి తెలియాలి. అది చాలావరకు కాంథాల్ రకం తీగ: ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసిన లోహం. వేడెక్కినప్పుడు అందులోని అల్యూమినియం ఆక్సిజన్‌తో కలిసి పైన బూడిదరంగు పొర కడుతుంది. కాయిల్ ఆయుష్షంతా ఆ పొరలోనే ఉంది. అందుకే కొత్త కాయిల్ వేశాక మొదటిసారి కిల్న్‌ను ఖాళీగా, గాలి ఆడనిస్తూ, నెమ్మదిగా 1050 డిగ్రీల దాకా కాల్చాలి. కరెంటు దండగ అనిపిస్తుంది. నాకూ అనిపించింది, నాలుగు నెలలకే కాయిల్ పోయింది.

పొగ ఆ పొరను తినేస్తుంది. నల్లకుండల కోసం రంపపు పొట్టు వేసి పొగబెట్టే పని ఆవంలోనే చేసుకోండి. గ్లేజు, అంటే కుండలకు పూసే గాజుపూత, దాని చుక్క అంతకన్నా చేటు. కాయిల్ కూర్చునే ఇటుక గాడిలో పడితే తర్వాతి కాల్పులో కరిగి కాయిల్‌నూ ఇటుకనూ రెండింటినీ తింటుంది. పాత కత్తి మొనతో శుభ్రమైన ఇటుక కనిపించేదాకా గీకి తీసేయండి. లోడ్ చేసే ముందు గాడుల్లో దుమ్ము వాక్యూమ్‌తో లాగండి. గ్లేజు అంటుకోకుండా పూసే కిల్న్ వాష్, కుండలు పెట్టే పలకల పైవైపుకే, కాయిల్‌కు తగలకూడదు.

మార్చాల్సిన సమయం ఎలా తెలుస్తుంది? కాయిల్ పాతబడేకొద్దీ దాని నిరోధం పెరుగుతుంది. మెయిన్ ఆపి, చల్లారాక, ఒక కొస విప్పి మల్టీమీటర్ పెట్టండి. కొత్తలో 20 ఓమ్‌లు ఉన్నది 22 అయితే, 230 వోల్టుల దగ్గర 2,645 వాట్లు ఇచ్చేది సుమారు 2,400కి పడిపోతుంది. 10 శాతం పెరిగిందంటే మార్చే వేళయినట్టే. ఒకటి మార్చి మిగతావి వదిలేస్తే వేడి ఒకవైపే ఎక్కుతుంది, సెట్టంతా మార్చండి. అయితే కిల్న్ వేడెక్కడం లేదని వెంటనే కాయిల్‌ను తిట్టకండి. వోల్టేజీ 230 నుంచి 207కి పడినా శక్తి 19 శాతం తగ్గుతుంది. బోర్లన్నీ ఒకేసారి తిరిగే వేళ మీటర్‌లో వోల్టేజీ చూసుకోండి.

ఇక వంచడం. ఒకసారి గాడిలోంచి బయటికి జారిన కాయిల్‌ను చల్లగా ఉన్నప్పుడే స్క్రూడ్రైవర్‌తో లోపలికి నెట్టాను. పుటుక్కుమంది. వాడిన కాయిల్ అప్పడం లాంటిది. మెయిన్ ఆపేసి, గ్యాస్ టార్చ్‌తో ఎర్రగా కాల్చి, ముక్కు ప్లయర్‌తో మెల్లగా నొక్కాలి. కొత్తదైతే చుట్ల మధ్య సందు అంతటా ఒకేలా ఉండేట్టు సాగదీయండి. చుట్లు దగ్గరగా ఉన్నచోట వేడి పోగుపడి అక్కడే కాలిపోతుంది.

కొసల దగ్గర పాత కనెక్టర్ తిరిగి వాడొద్దు, వదులైతే అక్కడే కాలుతుంది. రండి, టెర్మినల్ పెట్టె విప్పుదాం. ముందు ఎవరైనా మెయిన్ ఆపి, టెస్టర్ ఇటివ్వండి.