బోరు పట్టింది కదా అంటే చాలదు

(విశ్వకర్మ జయంతి నాడు మోటారు, పంపుసెట్ల మెకానిక్కుల సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలను పేరుపేరునా పలకరించడం మర్యాద. కానీ నాకిచ్చింది ఇరవై నిమిషాలు, దండలు వెయ్యడంలోనే ఎనిమిది పోయాయి, వెనక సాంబారు దించిన వాసన ఇక్కడిదాకా వచ్చేసింది. పెద్దలు ఈ ఒక్క నమస్కారాన్నే తలా కాస్త పంచుకోవాలని మనవి.

నాకు రాసిచ్చిన విషయం: చిన్న బాల్ బేరింగులు, ఏ లోడుకు ఏది. బేరింగుల కొట్టు కౌంటరు దగ్గర రోజూ వినిపించే మాట ఒకటుంది. "లోపల ఇరవై. బయట ఎంతైనా పర్లేదు, జాగా నింపే బుష్ వేసుకుంటాం. సన్నగా ఉండేదివ్వు." వాళ్లు అడిగిందే వీళ్లు ఇస్తారు. షాఫ్టుకు పడుతుంది, తిరుగుతుంది, డబ్బులు చేతులు మారతాయి. ఆర్నెల్లకు మోటారు మళ్లీ వస్తుంది, "కంపెనీ మాలు బాగాలేదండీ" అంటారు. మాలు బాగానే ఉంది, అడగడమే బాగాలేదు.

ఇరవై బోరు బేరింగు, అంటే లోపలి రంధ్రం ఇరవై మిల్లీమీటర్లున్నది, ఒక్కటి కాదు. 6804 ఉంది: బయట 32, మందం 7. దీన్నే కొందరు 61804 అని రాస్తారు, కంగారు పడొద్దు. 6904 అయితే 37, 9. 6004 అయితే 42, 12. 6204 అయితే 47, 14. 6304 అయితే 52, 15. ఇంకా ముందుకు పోతే 6404, బయట 72, మందం 19. చివరి 04ని అయిదుతో హెచ్చిస్తే 20, అది బోరు. 00 అంటే 10, 01 అంటే 12, 02 అంటే 15, 03 అంటే 17. ఈ నాలుగు మాత్రం లెక్కకు లొంగవు, కంఠతా పట్టాల్సిందే. ముందున్న 6 డీప్ గ్రూవ్, అంటే లోతు గాడి జాతి అని చెబుతుంది. ఈ రెంటి మధ్య నలిగిపోయి, ఎవరూ పట్టించుకోని అంకె ఉంది చూశారూ, ఆ 8, 9, 0, 2, 3, 4, లోడు సంగతంతా దాని దగ్గరే ఉంది.

కేటలాగు తీయండి. సీ అనే అంకె ఉంటుంది, డైనమిక్ లోడ్ రేటింగు. 6804కి సుమారు 4 కిలోన్యూటన్లు. 6904కి 6.4. 6004కి దాదాపు 10. 6204కి 13.5. 6304కి 16.8. 6404కి 30.7. కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూ ఉంటుంది. అదే షాఫ్టు, అదే ఇరవై బోరు, కింది నుంచి పైకి ఏడున్నర రెట్ల తేడా.

ఇక్కడే ఇంకో పొరపాటు. 6804కి సీ 4 కిలోన్యూటన్లు, అంటే నాలుగు వందల కిలోలు, మన బెల్టు లాగేది యాభై అరవై కిలోలే, బోలెడంత చాలు అంటారు. సీ అంటే అది మోయగల బరువు కాదండీ. అంత బరువు వేస్తే పది లక్షల చుట్లు తిరిగేసరికి ఆయుష్షు తీరిపోతుందని అర్థం. 1440 స్పీడు, అంటే నిమిషానికి 1440 చుట్ల మోటారు, గంటకు 86,400 చుట్లు తిరుగుతుంది. పది లక్షలు ఎంతసేపు? పదకొండున్నర గంటలు. పొద్దున వేస్తే రాత్రికి సరి.

ఆయుష్షు లెక్క 1947లో లుండ్‌బెర్గ్, పాల్మ్‌గ్రెన్ అనే ఇద్దరు స్వీడన్ వాళ్లు పెట్టారు, అదే ఇప్పటికీ పునాది. సీని మీ లోడుతో భాగించండి, వచ్చిన అంకెను మూడుసార్లు వేసి ఒకదాంతో ఒకటి హెచ్చించండి. అన్ని పది లక్షల చుట్లు. వందకు తొంభై బేరింగులు ఆ లెక్కను దాటతాయి, పది మాత్రం ముందే పోవచ్చు.

ఒక మోటారు వేసి చూద్దాం. ఫోన్లు తియ్యండి, ఫొటోలకు కాదు, కాలిక్యులేటరుకు. 1.5 కిలోవాట్లు, అంటే రెండు హార్స్‌పవరు. 1440 స్పీడు. షాఫ్టు మీద 100 మిల్లీమీటర్ల పుల్లీ. 9550ని ఒకటిన్నరతో హెచ్చించి 1440తో భాగిస్తే టార్కు, దగ్గర దగ్గర 10 న్యూటన్ మీటర్లు. పుల్లీ సగం 0.05 మీటరు, దాంతో భాగిస్తే 200 న్యూటన్లు. వీ బెల్టుకు బిగువు కూడా కావాలి కాబట్టి రెండు రెట్లు వేసుకోండి, 400. అంటే పుల్లీ మీద నలభై కిలోల మూట వేలాడదీసినట్టు. పుల్లీ బేరింగుకు బయట ఉంటుంది కదా. రెండు బేరింగుల మధ్య 120 మిల్లీమీటర్లు, పుల్లీ మధ్యగీత 60 బయటికి ఉందనుకుందాం. తూకం లెక్కే: పుల్లీ పక్క బేరింగు మీద 600 న్యూటన్లు, వెనక బేరింగు మీద 200, అదీ ఎదురు దిక్కుకు.

ఆ 600కి 6804 వేస్తే సుమారు 3,500 గంటలు. 6904 వేస్తే 13,800. 6004 వేస్తే 52,000 పైన. 6204 వేస్తే లక్షా ముప్పై వేలు. రోజుకు ఎనిమిది గంటలు, ఏడాదికి మూడొందల రోజులు నడిపితే 2,400 గంటలు. 6804 ఏడాదిన్నర, 6904 అయిదున్నర ఏళ్లకు పైన, 6004 ఇరవై ఏళ్లు దాటి. అంటే జాగా నిజంగా లేకపోతే 6904తో పని జరుగుతుంది, నేను సన్నవాటికి శత్రువును కాను. 6204 వేస్తే తప్పా? తప్పు కాదు, కానీ అంత ఆయుష్షు ఆ మోటారుకే ఉండదు.

ఇప్పుడు బెల్టు. బిగించాక బొటనవేలితో నొక్కి చూసేవాళ్లు చేతులెత్తండి. ... బాగుంది. పారకడ్డీ పెట్టి మోటారును వెనక్కి లాగి, బెల్టు వీణ తీగలా మోగేదాకా బిగించేవాళ్లు? నవ్వుతున్నారు గానీ ఎత్తడం లేదు. బిగువు రెట్టింపైతే 600 కాస్తా 1200 అవుతుంది. లోడు రెండింతలైతే ఆయుష్షు సగం కాదు, ఎనిమిదో వంతు. 6804 ఆయుష్షు 3,500 నుంచి 440 గంటలకు పడిపోతుంది. యాభై అయిదు రోజులు! 6004కి మాత్రం ఇంకా 6,500 గంటలు మిగులుతాయి. సన్న బేరింగు మీ తప్పును క్షమించదు, లావుది క్షమిస్తుంది, తేడా అదే. పుల్లీని షాఫ్టు చివరికి కాక బేరింగు వైపుకి 20 మిల్లీమీటర్లు జరిపి చూడండి: 600 కాస్తా 533 అవుతుంది, ఆయుష్షు దాదాపు నలభై రెండు శాతం పెరుగుతుంది. పైసా ఖర్చు లేదు.

ఇప్పటిదాకా షాఫ్టుకు అడ్డంగా పడే లోడు, రేడియల్. షాఫ్టు పొడవునా నెట్టేది థ్రస్టు. డీప్ గ్రూవ్ రెంటినీ మోస్తుంది, కానీ థ్రస్టుకు హద్దుంది. కేటలాగులో సీ పక్కనే సీ-సున్నా ఉంటుంది, స్టాటిక్ రేటింగు, అంటే తిరగకుండా ఉన్నప్పటి హద్దు. 62, 63 అంకెలతో మొదలయ్యే మామూలు సిరీస్‌లకు థ్రస్టు సీ-సున్నాలో సగం మించొద్దు. 12 మిల్లీమీటర్ల లోపు బోర్లకూ, 68, 69, 60 సిరీస్‌లకూ నాలుగో వంతే. 6204 సీ-సున్నా 6.55 కిలోన్యూటన్లు, అంటే మూడు వందల కిలోల పైదాకా నెట్టొచ్చు. 6804ది 2.32, అందులో నాలుగో వంతు 580 న్యూటన్లు, అరవై కిలోలు కూడా లేదు. పైగా థ్రస్టు తోడైతే రేడియల్ లెక్క కూడా మారుతుంది. ఇందాకటి 600కి తోడు 600 థ్రస్టు పడితే, 6204 మీద 1,240 దాకా పడ్డట్టు లెక్క. లక్షా ముప్పై వేల గంటలు కాస్తా పదిహేను వేలకు దిగుతాయి. షాఫ్టులను కలిపే కప్లింగు రెండు సగాల మధ్య గ్యాపు వదలకుండా కొట్టి కూర్చోబెడితే ఇదే జరుగుతుంది. ఎవరూ పెట్టని థ్రస్టు మనమే పెడతాం.

థ్రస్టు పెద్దదైతే జాతే మార్చాలి. 7204 యాంగ్యులర్ కాంటాక్టు, సైజు అచ్చంగా 6204దే, కానీ ఒక్క వైపు నెట్టుడే మోస్తుంది, తిప్పి పెడితే బాధ్యత మీదే. 51104 థ్రస్టు బేరింగు 20, 35, 10, సీ-సున్నా 20.8. చూశారా, 6804 కన్నా కాస్తే పెద్దది, తొమ్మిది రెట్లు నిలబెడుతుంది. కానీ రేడియల్ మాత్రం సుతరామూ మొయ్యదు, పక్కన ఒక గైడు బేరింగు ఉండాల్సిందే.

సీలింగు ఫ్యానులో షాఫ్టు కదలదు, తిరిగేది బయటి రింగు. ఫ్యాను, రెక్కల బరువంతా కలిపి మూడు నాలుగు కిలోలు, 6202కి అది లెక్కే కాదు. ఫ్యాను కూత పెడితే లోడు వల్ల కాదు, ఎండిన గ్రీజు వల్ల. ఇంకా లోడు మరీ తక్కువైనా కష్టమే! కనీసం సీలో వందో వంతు లేకపోతే గుండ్లు దొర్లవు, జారతాయి, జారితే గీతలు పడతాయి. అందుకే మోటారు వెనక కవర్లో అలలు అలలుగా ఉండే ఒక వాషరు పెడతారు, దాని పని గుండ్లను నొక్కి పట్టి ఉంచడం. ఊడదీసినప్పుడు అది కింద పడుతుంది, బిగించేటప్పుడు కనపడదు, "ఎందుకులే" అనుకుంటాం. చీపురుతో దాన్ని ఊడ్చేసేవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు, మొహాలు చెబుతున్నాయి.

షీల్డు, సీలు సంగతి తొందరగా. జడ్‌జడ్ రేకు షీల్డు, రాసుకోదు, స్పీడుకు మంచిది. టూఆర్ఎస్ రబ్బరు సీలు, పిండిమరకూ నీళ్ల దగ్గరికీ మంచిది, కానీ రాపిడి ఉంటుంది, వేడెక్కుతుంది. మరీ చిన్నవాటిలో మందం కూడా మారుతుంది: 693 ఓపెన్‌ది 3 మిల్లీమీటర్లు, షీల్డుది 4. సీ3 అంటే ఫస్టు క్వాలిటీ అనుకుంటారు కొందరు. కాదు, లోపలి ఆట, అంటే గుండ్లకూ రింగులకూ మధ్య సందు, ఎక్కువ అని. ఇరవై బోరులో మామూలుది 5 నుంచి 20 మైక్రాన్లు, సీ3 అయితే 13 నుంచి 28. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. షాఫ్టు బాగా వేడెక్కే చోటికి అది. చల్లగా నడిచే చిన్న మిషనులో వేస్తే ఊరికే చప్పుడు.

ఈ మైక్రాన్ల మాట వచ్చింది కాబట్టి, గ్రీజు గురించి రాసుకొచ్చిన కాగితం పక్కన పెడుతున్నాను. నిజానికి ఇవాళ ఇక్కడికి రావడమే దీనికోసం. డాట్ పంచ్.

హౌసింగు, అంటే బేరింగు కూర్చునే గూడు, లూజైంది. బేరింగు వేలితో నెడితే దిగుతోంది. ఏం చేస్తారు? సెంటర్ పంచ్, సుత్తి, హౌసింగు లోపల చుట్టూ టకటకా ముప్పై దెబ్బలు. ప్రతి దెబ్బకూ గుంట అంచున లోహం ఉబ్బుతుంది. బేరింగు కొడితే టైటుగా దిగుతుంది. పని అయిపోయిందన్న తృప్తి. అన్నా, ఆ బేరింగు దేనిమీద కూర్చుంది? ఆ ముప్పై ఉబ్బుల మీద. మిగతా రింగంతా గాల్లో ఉంది. నాలుగు రోజుల లోడుకు ఉబ్బులు అణిగిపోతాయి, మళ్లీ లూజు, ఇంకా పెద్ద లూజు. ఈలోగా రింగు హౌసింగులో మెల్లగా పాకుతుంది. ఊడదీస్తే ఎర్రటి తుప్పు పొడి కనపడేది అందుకే. లోపలి వేడి హౌసింగులోకి పోవాలంటే రింగు అంతటా ఆనుకోవాలి, ఉబ్బుల మీదుగా వేడి పోదు.

ఇది లావు బేరింగు మాట. 6204లో బోరు నుంచి బయటిదాకా పదమూడున్నర మిల్లీమీటర్లు, రింగు గట్టిది, కొంత తట్టుకుంటుంది. 6804లో మొత్తం ఆరు మిల్లీమీటర్లు. అందులో గుండు పోగా రింగుకు మిగిలేది ఒక మిల్లీమీటరు చిల్లర. దాన్ని ఉబ్బుల మీదికి కొడితే అది గుండ్రంగా ఉండదు, హౌసింగు ఎలా ఉంటే అలా వంగుతుంది. లోపలి ఆట ఎంతన్నాం? 5 నుంచి 20 మైక్రాన్లు. పేపరు మందంలో మూడో వంతు కూడా లేదు. ఉబ్బు ఉన్న ప్రతిచోటా గుండు ఇరుక్కుని దాటుతుంది. 3,500 గంటల లెక్క, 13,800 గంటల లెక్క, ఇందాక కాలిక్యులేటరు మీద కొట్టిందంతా, రింగు గుండ్రంగా ఉన్నప్పటి మాట! సీని బట్టి, లోడును బట్టి చక్కగా ఎంచి తెచ్చిన బేరింగును ముప్పై పంచ్ దెబ్బలతో మీరే 68 సిరీస్‌కన్నా హీనంగా మార్చేస్తున్నారు.

మరేం చెయ్యాలి? ముందు కొలవండి. బోర్ గేజితో, రెండు లోతుల్లో, అడ్డంగా నిలువుగా. బయటి కొలత 37 అయినా 47 అయినా, హౌసింగు దానికన్నా 0 నుంచి 25 మైక్రాన్లు ఎక్కువుండొచ్చు. ఇరవై షాఫ్టు 2 నుంచి 11 మైక్రాన్లు ఎక్కువుండాలి. అరుగుదల మిల్లీమీటరులో పదో వంతు లోపైతే రిటైనింగ్ కాంపౌండు, అంటే సందు నింపి పట్టుకునే జిగురు, వాడండి. నూనె జిడ్డు లేకుండా తుడిచి, హౌసింగుకే సన్నగా రాసి, బేరింగు లోపలికి పోకుండా చూసి, రాత్రంతా కదపకుండా వదిలెయ్యండి. అంతకు మించితే లేతు మీదికి ఎక్కించి బోరు పెంచి, బుష్ నొక్కి, బుష్ నొక్కాకే చివరి బోరు తీయించండి. బయట బోరు తీసి తెచ్చి నొక్కితే లోపల మూసుకుపోతుంది, టర్నరుకు ఆ మాట చెప్పండి. గోడ రెండు మూడు మిల్లీమీటర్లన్నా ఉండాలి.

తిరిగేది బయటి రింగైతే, అంటే ఐడ్లర్ పుల్లీ, ట్రాలీ చక్రం లాంటివైతే, టైటు ఉండాల్సింది బయట. షాఫ్టు దగ్గర తేలిగ్గా దిగొచ్చు. మనం అలవాటుగా తిరగేసి చేస్తాం. బిగించేటప్పుడు కూడా ఏ రింగు టైటో ఆ రింగునే పైపుముక్కతో నొక్కండి. బయటి రింగును కొట్టి లోపలి రింగును షాఫ్టు మీదికి దింపితే ఆ దెబ్బంతా గుండ్ల మీదుగా పోతుంది. గుండు సైజులో పదివేలో వంతు సొట్ట పడే లోడునే సీ-సున్నా అన్నారు. 6804కి అది 236 కిలోలు. కిలో సుత్తి దెబ్బ క్షణంలో దాన్ని దాటేస్తుంది.

కార్యదర్శిగారు చీటీ పంపారు. టైం దాటి పది నిమిషాలైందట. కుడి పక్క బల్ల మీద పళ్లెంలో మూడు అవుటర్ రింగులు పెట్టాను, డాట్ పంచ్ హౌసింగుల్లోంచి తీసినవే, లోపలి గాడిలో మరకలు వరుసగా ఎడం ఎడంగా కనపడతాయి. వేలితో తడిమి, ఆ ఎడం ఎంతో కొలిచి, అప్పుడు విస్తర్ల దగ్గరికి వెళ్లండి. చేతులు కడుక్కోవడానికి కిరోసిను, సబ్బు పక్కనే ఉన్నాయి.