రెండు రోజుల్లో ఓరుగల్లు

శ్రోతలకు నమస్కారం.

శని, ఆదివారాల్లో ఓరుగల్లు చూసొద్దామని ఇంట్లో అనుకోగానే ముందు చిట్టా తయారవుతుంది. వేయి స్తంభాల గుడి, భద్రకాళి, కోట, రామప్ప, లక్నవరం, వీలైతే పాకాల కూడా. నేనూ మొదటిసారి అలాంటి చిట్టా జేబులో పెట్టుకునే వెళ్ళాను. పొద్దున్నుంచీ ఒకటే పరుగు. రామప్ప చేరేసరికి మసక చీకటి. గుడి చూరు కింది నల్లరాతి స్త్రీ శిల్పాలు, అదే మదనికలు, ఆ చీకట్లో కలిసిపోయారు. "ఏవండీ, ఇంతేనా?" అంది మా ఆవిడ. ఆమె తప్పేం లేదు, కనిపించిందే అంత.

అందుకే ఇప్పుడు ఎవరడిగినా, ఏ రాయి మీద ఎప్పుడు ఎండ పడుతుందో చూసుకుని బయల్దేరమంటాను.

సికింద్రాబాద్‌లో శనివారం పొద్దున్నే రైలెక్కితే రెండు, రెండున్నర గంటల ప్రయాణం. హనుమకొండలో బస అయితే కాజీపేటలో దిగండి. కోటకు దగ్గర వరంగల్ స్టేషన్. మూడు ఊళ్ళూ ఎప్పుడో కలిసిపోయాయి కాబట్టి ఎక్కడ దిగినా ఆటో దొరుకుతుంది, టెన్షన్ అక్కర్లేదు. తిరుగు టికెట్ మాత్రం ముందే రిజర్వ్ చేసుకోండి. ఇంకో మాట, రెండేళ్ళకోసారి మాఘమాసంలో మేడారం జాతర వస్తుంది. ఆ రోజుల్లో వెళితే జాతరకే వెళ్ళండి. ములుగు రోడ్డంతా అమ్మవార్ల భక్తులదే.

శనివారం పొద్దున వేయి స్తంభాల గుడి. 1163లో కాకతి రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ ఒకే కప్పు కింద చోటిచ్చాడు. పిల్లలు స్తంభాలు లెక్కపెట్టడం మొదలుపెడతారు, పెట్టనివ్వండి. విప్పదీసి మళ్ళీ పేర్చిన కల్యాణ మండపాన్ని 2024లో తెరిచారు, దాన్నీ చూడండి. మధ్యాహ్నం భోంచేసి కాసేపు నడుం వాల్చండి. ఆ ఎండలో రాతి మీద ఒట్టికాళ్ళతో నడిస్తే శిల్పాలు కాదు, చుక్కలు కనిపిస్తాయి.

కోటకు నాలుగు దాటాక వెళ్ళాలి. గణపతిదేవుడు మొదలుపెట్టిన రాతిగోడను రుద్రమదేవి పూర్తి చేసింది. దాని బయట మట్టికోట. లోపల ఇప్పటికీ ఊరుంది, ఇళ్ళున్నాయి, పొలాలున్నాయి. నడుమ నాలుగు దిక్కులకూ నాలుగు తోరణాలు. మధ్యలో ఉండాల్సిన స్వయంభూ శివాలయం మాత్రం లేదు. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల చేతికి చిక్కింది. పద్మం చెక్కిన కప్పు రాయి ఒకచోట, విరిగిన నంది మరోచోట. సాయంత్రపు ఏటవాలు ఎండలో తోరణం మీది హంసలు ఒక్కొక్కటే తేలి వస్తాయి. తోరణం ముందు ఫొటో దిగి వెనక్కి తిరిగేవాళ్ళే ఎక్కువ. మీరు ఆ పడి ఉన్న రాళ్ళ మధ్య ఓ గంట తిరగండి.

ఆదివారం తెల్లవారుతూనే రామప్పకు బయల్దేరాలి. డెబ్భై కిలోమీటర్ల లోపే. టిఫిన్ ములుగులో చేయొచ్చు. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి ఇది. రాజు పేరూ కాదు, సేనాని పేరూ కాదు, శిల్పి పేరే గుడికి నిలిచిందంటారు. పునాది గుంతల్లో ఇసుక నింపి, పైన శిఖరానికి నీళ్ళలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది.

గుడి తూర్పుముఖం, కాబట్టి పొద్దుటెండ తిన్నగా ముందు భాగం మీద పడుతుంది. చూరు కింద మదనికలను అప్పుడు చూడాలి. ఒకామె కాళ్ళకు ఎత్తు మడమల చెప్పులున్నాయి. నమ్మకపోతే మెడ ఎత్తి రెండుసార్లు చూడండి. ఎనిమిది వందల ఏళ్ళ కింద ఆ మడమ ఎత్తు ఎవరి ముచ్చటో! స్తంభాల నగిషీలో కొన్ని సందులు దారం మాత్రమే దూరేంత సన్నం. గైడ్ దారం దూర్చి చూపిస్తాడు, ఆ పని అతనికే వదిలేయండి. సాక్సులు మరిచిపోవద్దు, గుడి చుట్టూ నక్షత్రాకారపు అరుగు మీద తిరగాలంటే పదింటికల్లా కాళ్ళు చురుక్కుమంటాయి.

ఆ తర్వాత లక్నవరం వెళదామని పిల్లలు గొడవ చేస్తారు. వద్దనండి. పక్కనే కాకతీయుల నాటి రామప్ప చెరువుంది, ఇప్పటికీ పొలాలకు నీళ్ళిస్తోంది. కట్ట మీద నీడ చూసుకుని కూర్చుని, తెచ్చుకున్న సర్వపిండి విప్పండి. రైలుకింకా చాలా టైముంది.

సెలవు.