హెలికాప్టర్ సిమ్‌కి జాయ్‌స్టిక్ సెటప్: ముందు స్ప్రింగ్ సంగతి చూద్దాం

అందరికీ నమస్కారం. స్క్రీన్ మీద కింద కనిపిస్తున్న ఈ ఎర్ర గీతల బొమ్మ చూడండి. డీసీఎస్ వరల్డ్ అనే ఫ్లైట్ సిమ్యులేటర్ గేమ్‌లో కుడి కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కితే వస్తుంది. స్టిక్ ఎక్కడుందో, పెడల్స్ ఎక్కడున్నాయో ఇందులో తెలుస్తుంది. ఇప్పుడు బటూమి రన్‌వే మీద హ్యూయీని, అంటే యూహెచ్-1హెచ్‌ని, మనిషెత్తులో నిలబెట్టాను. హెలికాప్టర్ కదలడం లేదు. కానీ ఆ చిన్న గుర్తు నడిమధ్యలో లేదు, కాస్త ఎడమకి ఉంది.

ఎందుకంటే హ్యూయీ పెద్ద రోటర్ పైనుంచి చూస్తే గడియారానికి ఎదురు దిశలో తిరుగుతుంది. దాంతో ముక్కు కుడికి తిరగబోతుంది. దాన్ని ఆపడానికి తోక రోటర్ తోస్తే, ఆ తోపుకి హెలికాప్టర్ మొత్తం కుడికి జరుగుతుంది. అలా జరగకుండా స్టిక్ ఎడమకి పట్టుకోవాలి. హోవర్ చేస్తున్నంతసేపూ, అంటే గాల్లో ఒకేచోట నిలబడినంతసేపూ, పట్టుకునే ఉండాలి.

ఇప్పుడు నా చేతిలో ఉన్న స్టిక్ సంగతి. ఇది థ్రస్ట్‌మాస్టర్ టీ.16000ఎం. లోపల హాల్ సెన్సర్, అంటే అయస్కాంతంతో పనిచేసేది, రాపిడి ఉండదు. ఒక్కో యాక్సిస్‌కి, అంటే ముందువెనకలకీ, పక్కలకీ విడివిడిగా, 16 వేలకు పైగా మెట్లు. వెంట్రుకవాసి కదిపినా సిమ్‌కి తెలుస్తుంది. హోవర్‌కి కావలసింది సరిగ్గా అదే. అందుకే డెడ్‌జోన్, అంటే మధ్యలో స్టిక్ కదిపినా సిమ్ పట్టించుకోని మేర, సున్నా పెట్టాను, మీరూ అలాగే పెట్టండి. సెన్సర్ విషయంలో దీనికి పూర్తి మార్కులు.

ఇక స్ప్రింగ్. వదిలేస్తే స్టిక్ మధ్యకి వచ్చేస్తుంది. విమానానికి అది బాగుంటుంది. హెలికాప్టర్‌లో మాత్రం చెయ్యి ఎడమకి పట్టుకుంటే స్ప్రింగ్ కుడికి లాగుతుంది. పది నిమిషాలు హోవర్ చేస్తే మణికట్టు బిగుసుకుపోతుంది. బిగిసిన చెయ్యి చిన్న కదలికలు ఇవ్వలేదు. హెలికాప్టర్ ఉయ్యాలలా ఊగడం అక్కడే మొదలవుతుంది, తప్పు మీ చేతిది కాదు.

దీనికి చాలామంది సెట్టింగ్స్‌లో కర్వేచర్, అంటే మధ్యలో స్పందన తగ్గించి అంచుల్లో పెంచే వంపు, 20, 25 పెట్టేస్తారు. మధ్యలో స్టిక్ మెత్తబడుతుంది, నిజమే. కానీ ఆ మెత్తదనాన్ని అంచుల దగ్గర వడ్డీతో వసూలు చేస్తుంది. హోవర్‌లో చెయ్యి మధ్యలో లేదని ఇందాక చూశాం కదా? అంటే అక్కడినుంచి ఎడమకి కదిపితే ఒక స్పందన, కుడికి కదిపితే ఇంకో స్పందన. చెయ్యి ఏ కొలత అలవాటు చేసుకోవాలి? స్ప్రింగ్ ఉంచుకునేవాళ్లు 10 దాటొద్దని నా మాట.

అసలు హ్యూయీలో ఫోర్స్ ట్రిమ్ ఉంటుంది. బటన్ నొక్కి స్టిక్‌ని కావలసిన చోటికి తీసుకెళ్లి వదిలితే అక్కడే నిలబడుతుంది. సిమ్‌లో అదే ట్రిమ్ బటన్‌ని బొటనవేలికి అందే చోట పెట్టుకోండి. స్పెషల్ ఆప్షన్స్‌లో సెంట్రల్ పొజిషన్ ట్రిమ్మర్ మోడ్ ఆన్ చెయ్యండి. హోవర్ కుదిరిన క్షణంలో బటన్ నొక్కి, స్టిక్‌ని మధ్యకి రానివ్వండి. అది మధ్యకి వచ్చేదాకా సిమ్ స్టిక్ మాట వినదు, కాబట్టి హెలికాప్టర్ ఎగిరి పడదు. డబ్బు ఖర్చు లేని పద్ధతి ఇది. మొదట ఇదే చెయ్యండి.

రెండోది, స్ప్రింగ్ తీసేయడం. అడుగున స్క్రూలు విప్పాలి, వారంటీ మీద ఆశ వదులుకోవాలి. నేను తీసేశాను. మొదటి రోజు స్టిక్ చచ్చుబడినట్టు వాలిపోయింది, టెన్షన్ వచ్చింది. మూడో రోజుకి చెయ్యి దానంతట అదే తేలికపడింది. ఇప్పుడు కర్వేచర్ సున్నా. ఇదే స్టిక్‌తో విమానాలు కూడా నడిపేవాళ్లు మాత్రం ఈ పని చెయ్యొద్దు.

ఇంకో మార్పు, స్టిక్‌ని టేబుల్ మీద నుంచి దించి మోకాళ్ల మధ్య చిన్న స్టూల్‌కి బిగించాను. ముంజేయి తొడ మీద ఆనుతుంది, వేళ్లు మాత్రమే కదులుతాయి. నిజం పైలట్లు కూర్చునేది ఇలాగే. వీలైతే స్టిక్‌కి పొడుగు కలపండి. కీలు నుంచి చెయ్యి 12 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుందాం, ఇంకో 12 కలిపితే అదే కోణానికి చెయ్యి రెట్టింపు దూరం కదులుతుంది. కర్వ్ ఇవ్వలేని మెత్తదనం ఇది, ఏ మూలకెళ్లినా సమానంగా ఉంటుంది.

కలెక్టివ్ విషయం త్వరగా చెప్పేస్తాను. నిజం హెలికాప్టర్‌లో అది సీటుకి ఎడమపక్క, కారు హ్యాండ్‌బ్రేక్ లాగా ఉంటుంది, పైకి లాగితే లేస్తుంది. స్టిక్ అడుగున ఉన్న బుల్లి లివర్‌తో పని నడుస్తుంది గానీ, విడిగా థ్రాటిల్ ఉంటే దానికివ్వండి. యాక్సిస్ ఇన్వర్ట్ చేసి, వెనక్కి లాగితే లేచేలా పెట్టుకోండి.

పెడల్స్ కొన్నవాళ్లకి ఒక జాగ్రత్త. స్టిక్ ట్విస్ట్ (పిడిని మెలితిప్పడం), పెడల్స్ రెండూ రడ్డర్‌కే, అంటే ముక్కుని పక్కకి తిప్పే కంట్రోల్‌కే, కట్టి ఉంటాయి, చూసుకుని ట్విస్ట్‌ది తీసేయండి. లేకపోతే ఒకదాని మాట ఇంకొకటి చెరిపేస్తుంది. పెడల్స్ లేకపోతే ట్విస్ట్ చాలు, కానీ తిప్పేటప్పుడు స్టిక్ పక్కకి ఒరగకుండా చూసుకోవాలి. ఎర్ర బొమ్మలో అది వెంటనే కనిపిస్తుంది.

ఇప్పుడు నాతో కలిసి లేపండి. కలెక్టివ్ నెమ్మదిగా... ముక్కు కుడికి పోతోంది, ఎడమ పెడల్. స్కిడ్లు (చక్రాల బదులు కింద ఉండే కడ్డీలు) తేలికయ్యాయి, కుడికి జారుతోంది, స్టిక్ రవ్వంత ఎడమకి. ఆగండి, ఇక కదపొద్దు. గుర్తు ఎక్కడ ఆగిందో చూసి, ట్రిమ్ బటన్ నొక్కండి.