పాచి మీద పెట్టిన ఖర్చు

శ్రోతలకు నమస్కారం.

మెదడు పరిశోధన గురించి మాట్లాడమన్నారు. నేను మాత్రం పాచితో మొదలుపెడతాను. నిలవ నీళ్ళ మీద నాలుగు రోజుల్లో పచ్చగా పేరుకుంటుంది చూడండి, ఆ జాతిలో క్లామిడోమోనాస్ అని ఒకటుంది. ఒకే ఒక్క కణం, ఉత్త కంటికి ఆనదు. ముందు వైపు రెండు సన్నని పోగులుంటాయి, వాటిని ఆడించుకుంటూ ఈదుతుంది. ఒంటికి ఒక పక్కన నారింజ రంగు చుక్క ఉంటుంది. మెదడు లేదు, నరాలు లేవు, అయినా వెలుతురు ఎటుందో దానికి తెలుసు. ఎండ కావాలంటే అటు పోతుంది, మరీ ఎక్కువైతే వెనక్కి తిరుగుతుంది.

ఇది ఎలా తెలుసుకుంటోంది అని జర్మనీలో పీటర్ హెగెమాన్ అనే శాస్త్రవేత్త 1980ల నుంచి ఏళ్ళ తరబడి తవ్వుతూ పోయారు. ఆ దేశంలో మాక్స్ ప్లాంక్ సంస్థలైనా, విశ్వవిద్యాలయాలైనా నడిచేది ప్రధానంగా ప్రభుత్వ సొమ్ముతో. పాచి ఎటు ఈదితే ఎవరికి కావాలి? ఏ కంపెనీ బోర్డు ముందైనా ఈ ప్రతిపాదన పెట్టి చూడండి, టీ ఇచ్చి పంపించేస్తారు.

2002, 2003 సంవత్సరాల్లో హెగెమాన్, జార్జ్ నాగెల్, ఎర్నెస్ట్ బాంబర్గ్, వాళ్ళ సహచరులు జవాబు బయటపెట్టారు. ఆ పాచి కణం పైపొరలో ఒక ప్రోటీన్ ఉంది. వెలుగు పడగానే అది తెరుచుకుంటుంది, బయటి విద్యుదావేశం ఉన్న అణువులు లోపలికి వస్తాయి. వెలుగును పసిగట్టేదీ అదే, తలుపు తెరిచేదీ అదే. మధ్యలో వేరే దశలు లేవు కాబట్టి సెకనులో వెయ్యో వంతులో పని మొదలైపోతుంది. దానికి చానెల్‌రొడాప్సిన్ అని పేరు పెట్టారు.

ఇక్కడే కథ మెదడు వైపు తిరిగింది. మన నాడీకణం, అంటే న్యూరాన్, సంకేతం పంపేది కూడా ఇలాగే. ధనావేశం లోపలికి వస్తే కణం ఉలిక్కిపడి విద్యుత్ సంకేతం వదులుతుంది. అలాంటప్పుడు ఆ పాచి జన్యువును తీసుకెళ్ళి న్యూరాన్‌లో పెడితే? వెలుగు వేసినప్పుడల్లా న్యూరాన్ మన మాట వినాలి కదా. 2005లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో కార్ల్ డైసెరాత్, ఎడ్ బోయ్‌డెన్ బృందం, నాగెల్, బాంబర్గ్‌లతో కలిసి సరిగ్గా ఇదే చేసి చూపించింది. నీలి కాంతి వేశారు, న్యూరాన్ పలికింది. ఆపారు, ఊరుకుంది. ఈ పద్ధతినే ఆప్టోజెనెటిక్స్ అంటున్నారు.

దీని గొప్పతనం తెలియాలంటే అంతకు ముందు పరిస్థితి చెప్పాలి. మెదడులో కరెంటు తీగ పెట్టి ప్రేరేపిస్తే చుట్టుపక్కల ఉన్న కణాలన్నీ కదిలేవి. ఏ కణం వల్ల ఏ పని జరిగిందో తేల్చడం కష్టం. డీఎన్ఏ నిర్మాణం కనిపెట్టిన ఇద్దరిలో ఒకరైన ఫ్రాన్సిస్ క్రిక్ 1979లో మెదడు మీద ఒక వ్యాసం రాశారు. ఒకే రకం న్యూరాన్లను ఆపి, మిగతావాటిని దాదాపు కదపకుండా వదిలేసే ఉపాయం దొరికితే బాగుండునని అందులో ఆశపడ్డారు. ఆప్టోజెనెటిక్స్‌తో అది కుదిరింది. జన్యువును ఫలానా రకం కణాల్లో మాత్రమే పనిచేసేలా సర్దవచ్చు. ఆకలికి సంబంధించిన కణాలను ఇలా వెలిగిస్తే, కడుపు నిండిన ఎలుక కూడా తిండి మీద పడిందని 2011లో చూపించారు. లైటు తీసేస్తే తినడం ఆపేసింది.

ఎలుకల సంగతి సరే, మనుషులకేం ఒరిగింది? 2021లో పారిస్ నుంచి ఒక కబురు వచ్చింది. రెటినైటిస్ పిగ్మెంటోసా అని, కంటి వెనక పొర మెల్లమెల్లగా పాడైపోయే వ్యాధి ఉంది. మేనరికాలు ఎక్కువగా జరిగే మనవైపు కంటి డాక్టర్లకు ఇది బాగా పరిచయమైన జబ్బే. ఆ జబ్బు ఉందని నలభై ఏళ్ళ కిందటే తేలిన 58 ఏళ్ళ మనిషికి, వెలుతురు ఉందా లేదా అన్నది తప్ప ఏమీ తెలియని స్థితిలో, ఒక కంట్లో ఇలాంటి జన్యువునే ఎక్కించారు. ఈసారి జన్యువు క్లామిడోమోనాస్ దగ్గరి చుట్టం ఒకదాని నుంచి వచ్చింది. మోసుకెళ్ళింది హాని చెయ్యని వైరస్. కొన్ని నెలలు ఆగాక, ఎదుటి దృశ్యాన్ని నారింజ వన్నె కాంతిగా మార్చి కంట్లోకి పంపే ప్రత్యేకమైన కళ్ళజోడు పెట్టి సాధన చేయించారు. ఆయనకు మొదట కనబడింది వీధిలో: రోడ్డు దాటే చోట గీసే తెల్ల చారలు. తర్వాత ల్యాబ్‌లో తెల్లని బల్ల మీద నోట్‌బుక్ పెడితే చాలాసార్లు చెయ్యి చాపి సరిగ్గా తాకాడు. స్టేపుల్ పిన్నుల డబ్బా చిన్నది, అది దొరకపుచ్చుకోవడం కష్టమైంది. బల్ల మీద గ్లాసులు ఎన్నున్నాయో లెక్కపెట్టగలిగాడు. కళ్ళజోడు తీస్తే ఇవేవీ లేవు. మొహాలు గుర్తుపట్టే చూపు కాదిది, చదివే చూపూ కాదు. చికిత్సను రోగి దాకా తెచ్చే ఈ చివరి దశలో ప్రైవేటు కంపెనీ పెట్టుబడి ఉంది, అది దాచక్కర్లేదు. లాభం కంటికి ఆనాక కంపెనీలు వస్తాయి. పాచి ఈదే రోజుల్లో మాత్రం వాళ్ళెవరూ లేరు.

క్రిక్ అదే వ్యాసంలో ఇంకో మాట అన్నారు. అసాధ్యమైనవి కోరి లాభం లేదు, ఉదాహరణకు ఒక ఘన మిల్లీమీటరు మెదడులో తీగలన్నీ ఎలా అల్లుకున్నాయో, అందులో ప్రతి న్యూరాన్ ఎలా పలుకుతోందో చూపే పటం, అని. ఘన మిల్లీమీటరంటే ఒక గసగస గింజంత.

2016లో అమెరికా ప్రభుత్వ గూఢచార విభాగాలకు పరిశోధనలు చేయించే ఐఆర్పా అనే సంస్థ సరిగ్గా ఆ గసగస గింజకే డబ్బు పెట్టింది. గూఢచారులకు ఎలుక మెదడుతో పనేమిటి అంటారా? మెదడు నేర్చుకునే తీరు తెలిస్తే కంప్యూటర్లకు నేర్పవచ్చని వాళ్ళ ఆశ. జాతీయ ఆరోగ్య సంస్థల డబ్బు కూడా దానికి తోడయింది. హ్యూస్టన్‌లోని బేలర్ వైద్య కళాశాలలో ఒక ఎలుకకు వీడియోలు చూపిస్తూ, దాని చూపుకు సంబంధించిన మెదడు భాగంలో ఏ న్యూరాన్ ఎప్పుడు పలికిందో నమోదు చేశారు. ఆ ముక్కను సియాటిల్‌లోని అలెన్ ఇన్‌స్టిట్యూట్‌కు పంపారు. అక్కడ దాన్ని 25 వేలకు పైగా పొరలుగా తరిగారు. తరిగేది యంత్రమే అయినా, వరసగా కొన్ని పొరలు పోతే తీగలు ఎక్కడికక్కడ తెగిపోయి పని మొత్తం వృథా అవుతుంది. అందుకని మనుషులు వంతులు వేసుకుని రాత్రింబవళ్ళు యంత్రం పక్కనే కూర్చున్నారు. ఒక్కో పొరనూ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో ఫొటో తీశారు. తర్వాత ప్రిన్స్‌టన్‌లో సెబాస్టియన్ సుంగ్ బృందం కంప్యూటర్ల సాయంతో పొరలన్నీ కలిపి తీగలను మళ్ళీ నిలబెట్టింది. 2025 ఏప్రిల్‌లో ఫలితాలు అచ్చయ్యాయి. ఆ గింజలో దాదాపు రెండు లక్షల కణాలున్నాయి, వాటిలో 84 వేలు న్యూరాన్లు. ఒక న్యూరాన్ ఇంకొకదానితో మాట కలిపే సంధులు, సినాప్స్‌లు, 50 కోట్లకు పైమాటే. దత్తాంశం 1.6 పెటాబైట్లు, అంటే 16 లక్షల జీబీ.

మనిషి మెదడులో ఉన్నవి సుమారు 8,600 కోట్ల న్యూరాన్లు. కాబట్టి ఎవరైనా మెదడు రహస్యం విప్పేశాం అంటే నమ్మకండి. మొత్తం మెదడు పటం పూర్తిగా చేతికొచ్చిన జీవుల్లో పెద్ద పెద్దవేమీ లేవు. 1986లో 302 నాడీకణాల పురుగు, 2024లో పండ్ల మీద వాలే చిన్న ఈగ. ఈగ మెదడులో 1,39,255 న్యూరాన్లు. కంప్యూటర్ గీసిన తీగల్లో తప్పులు సరిదిద్దడానికి వందల మంది కూర్చున్నారు. వారిలో శాస్త్రవేత్తలతో పాటు సరదా కొద్దీ వచ్చిన మామూలు జనమూ ఉన్నారు. ఈ పటాలన్నీ ఎవరైనా చూసుకునేలా ఉచితంగా పెట్టారు. నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఇదే.

ఇప్పుడు డబ్బు లెక్క. 2013 ఏప్రిల్ 2న అప్పటి అమెరికా అధ్యక్షుడు ఒబామా బ్రెయిన్ ఇనీషియేటివ్ అనే మెదడు పరిశోధన పథకం ప్రకటించారు. మొదట అనుకున్నది 10 కోట్ల డాలర్లు. మెదడు గురించి సిద్ధాంతాలు తర్వాత, ముందు పనిముట్లు తయారు చేద్దాం అన్నది దాని పంథా. 2016లో వచ్చిన ఒక చట్టం పదేళ్ళకు విడిగా నిధులు కేటాయించింది, అవి ఒక్కో ఏడు ఒక్కోలా విడుదలవుతాయి. 2023లో మొత్తం 68 కోట్ల డాలర్లు ఉన్న బడ్జెట్ 2024కి 40 కోట్ల 20 లక్షలకు పడింది, 2025లో 32 కోట్ల 10 లక్షలు. రెండేళ్ళలో సగం కంటే తక్కువైపోయింది. ఐదేళ్ళ ప్రయోగం మధ్యలో ఉన్న ల్యాబ్‌కు ఇది ఎంత టెన్షనో ఊహించండి.

డబ్బు కుమ్మరించినంత మాత్రాన పని అవుతుందనీ నేను అనను. అదే 2013లో ఐరోపా కూడా హ్యూమన్ బ్రెయిన్ ప్రాజెక్ట్ మొదలుపెట్టింది. పదేళ్ళలో 60 కోట్ల యూరోల పైచిలుకు ఖర్చయింది. దాని వెనక ఉన్న హెన్రీ మార్క్‌రామ్ మనిషి మెదడును కంప్యూటర్‌లో నడిపించి చూపిస్తామన్న ధీమాతో ఉండేవారు. ఏడాది తిరిగేసరికి వందల మంది శాస్త్రవేత్తలు బహిరంగ లేఖ రాసి, దారి తప్పుతోందని గొడవ చేశారు. నాయకత్వం మారింది, గురి మారింది. చివరికి పరిశోధకులకు పనికొచ్చే ఒక వేదిక మిగిలింది గానీ మొదట్లో చెప్పిన మెదడు మాత్రం రాలేదు. అలాగే పనిముట్లన్నీ సర్కారు సొమ్మే అనుకోవద్దు. వెంట్రుకంత సన్నగా ఉండి వందల న్యూరాన్లను ఒకేసారి వినగలిగే న్యూరోపిక్సెల్స్ అనే సూదికి డబ్బిచ్చినవి దాతృత్వ సంస్థలు.

మనకు సూటిగా తగిలే సంగతి ఇంకొకటి. 2023లో కాలిఫోర్నియాలో ఏఎల్ఎస్ అనే, కండరాలను నడిపే నరాలు క్షీణించే జబ్బుతో మాట పడిపోయిన ఒకాయనకు మెదడులో 256 ఎలక్ట్రోడ్లు అమర్చారు. ఆయన మాట్లాడబోయినప్పుడు వచ్చే సంకేతాల నుంచి ధ్వనులు పోల్చుకుని, వాటిని మాటలుగా కూర్చి, జబ్బుకు ముందటి ఆయన గొంతుతోనే కంప్యూటర్ పలికింది. నూటికి 97 మాటలు సరిగ్గా వచ్చాయి. ఆ యంత్రం నేర్చుకున్నది ఇంగ్లీషు ధ్వనులు, ఇంగ్లీషు వాక్యాలు. తెలుగు ధ్వనులు వేరు, మాట మీద మాట అతుక్కుంటూ పోయే మన తీరు వేరు. గుంటూరులోనో ఖమ్మంలోనో ఇదే జబ్బు వచ్చిన మనిషికి ఇది పనికి రావాలంటే తెలుగుతో మళ్ళీ కూర్చుని చెయ్యాలి. అమ్ముకుని లాభం తీసేంత మంది కొనుగోలుదారులు అందులో లేరు. చేస్తే ప్రభుత్వమే చేయించాలి.

మన దేశంలో పని జరగడం లేదా అంటే, జరుగుతోంది. మద్రాసు ఐఐటీలోని సుధా గోపాలకృష్ణన్ బ్రెయిన్ సెంటర్ 2024 డిసెంబరులో ధరణి పేరుతో గర్భస్థ శిశువు మెదడు పటాలు విడుదల చేసింది. 5,132 పొరల చిత్రాలు, కణం కణం కనబడేంత స్పష్టంగా. కేంద్ర ప్రభుత్వ ప్రధాన శాస్త్రీయ సలహాదారు కార్యాలయం సాయం, దాతల డబ్బు రెండూ ఉన్నాయి. నెట్ ఉంటే చాలు, కాకినాడ వైద్య విద్యార్థి కూడా పైసా కట్టకుండా తెరిచి చూసుకోవచ్చు.

అయితే ఇలాంటి పటాలకు మెదళ్ళు కావాలి, అవి మనుషుల నుంచే రావాలి. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో 1995 నుంచి ప్రభుత్వ నిధులతో బ్రెయిన్ బ్యాంకు ఉంది. చనిపోయినవారి కుటుంబం ఒప్పుకుంటేనే మెదడు తీసుకుని భద్రపరుస్తారు, దేశంలోని పరిశోధకులకు అందిస్తారు. అక్కడే ఉన్న మ్యూజియంలో మామూలు జనం కూడా మనిషి మెదడును చేత్తో తాకి చూడవచ్చు. పరిశోధకులకు ఎక్కువ కరువైనవి జబ్బు లేని మెదళ్ళు, ఎందుకంటే జబ్బు ఏం మార్చిందో తెలియాలంటే పక్కన పెట్టి పోల్చడానికి మామూలు మెదడు ఉండాలి. నేత్రదానం అంటే మన ఇళ్ళలో ఇప్పుడు ఎవరూ ఉలిక్కిపడరు. మెదడు కూడా ఇవ్వవచ్చని చాలామందికి ఎవరూ చెప్పలేదు, అంతే. ఆసక్తి ఉన్నవారు ముందుగా ఇంట్లోవాళ్ళతో మాట్లాడి ఉంచాలి, ఎందుకంటే తీసుకోవడానికి ఉండే వ్యవధి గంటల్లోనే.

సెలవు. నమస్కారం.