మూడో నంబరు హెచ్చరిక అంటే ఏమిటి?

(స్క్రీన్ మీద: రాత్రి వేళ ఓడరేవు. ఎత్తైన స్తంభం, దాని మీద ఎర్ర దీపం, తెల్ల దీపం)

అక్టోబరు, నవంబరు నెలలొస్తే టీవీలో కింద పరుగెత్తే అక్షరాల్లో ఒక వాక్యం తప్పకుండా కనిపిస్తుంది. "కాకినాడ, విశాఖ, మచిలీపట్నం పోర్టుల్లో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక." చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం. మూడంటే ఏమిటని ఎవరినైనా అడిగి చూడండి. "రెండు కంటే ఎక్కువ, నాలుగు కంటే తక్కువ" అంటారు. నేనూ చాలా కాలం అంతే అనుకున్నాను. తుపానుకు పదికి మూడు మార్కులు వేశారన్నమాట అని!

అది మార్కు కాదు. ఓడ నడిపేవాడికి ఒడ్డు నుంచి పంపే కబురు. ఆ కబురు పంపడం ఎప్పుడు, ఎందుకు మొదలైందో తెలియాలంటే 1864కి వెళ్లాలి. ఆ సంవత్సరం మన బందరుకి ఏ కబురూ అందలేదు.

(స్క్రీన్ మీద: బంగాళాఖాతం పాత పటం. కలకత్తా, మచిలీపట్నం దగ్గర చుక్కలు)

1864 అక్టోబరు 5న కలకత్తా మీద తుపాను పడింది. హుగ్లీ నదిలోకి సముద్రం ఎగదన్ని ఓడల్ని ఒడ్డుకు విసిరేసింది. సుమారు 60 వేల మంది పోయారని లెక్క. నెల తిరగలేదు, నవంబరు 1న మరో తుపాను వచ్చి మచిలీపట్నం మీద పడింది. 13 అడుగుల ఎత్తున ఉప్పెన ఊళ్లోకి వచ్చింది. కృష్ణా డెల్టా అరచేయిలా చదునైన నేల, నీటికి అడ్డేముంది? ఇక్కడ సుమారు 30 వేల మంది చనిపోయారు.

అప్పటికి మన దేశంలో వాతావరణం కొలిచే పరికరాలు లేవా అంటే, ఉన్నాయి. ఈస్టిండియా కంపెనీ మద్రాసు నుంగంబాకంలో 1792లోనే నక్షత్రశాల కట్టింది. నక్షత్రాలు చూసేవాళ్లే పాదరసం మట్టం, ఎండ వేడి, వాన కూడా రాసుకునేవాళ్లు. అక్కడ నిలబెట్టిన రాతి స్తంభం ఇప్పటికీ చెన్నై వాతావరణ కేంద్రం ఆవరణలో ఉంది. దాని మీద చెక్కిన భాషల్లో మన తెలుగూ ఒకటి.

విశాఖపట్నంలో అయితే ప్రభుత్వం కంటే ముందు ఒక జమీందారే పూనుకున్నాడు. గొడే వెంకట జగ్గారావు. మద్రాసు నక్షత్రశాలలో శాస్త్రం నేర్చుకుని వచ్చి, 1840లో సొంత డబ్బుతో విశాఖలో వేధశాల పెట్టుకున్నాడు. ఓడలవాళ్లు గడియారాలు సరిచేసుకోవడానికి డాల్ఫిన్స్ నోస్ కొండ మీద జెండా స్తంభం కూడా పెట్టించాడు. ఆయన తరవాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ పని కొనసాగించాడు. గ్రహణాలు చూశాడు, విశాఖ వానలూ గాలులూ ఏళ్ల తరబడి లెక్క రాశాడు. ఇంత పని చేసిన ఆ మామా అల్లుళ్ల పేర్లు మన పాఠ్యపుస్తకాల్లో ఎందుకు ఉండవో నాకు అర్థం కాదు.

(స్క్రీన్ మీద: పాదరసం బారోమీటరు, పక్కన టెలిగ్రాఫ్ మీట)

పరికరాలున్నాయి, తంతి కూడా ఉంది. 1855 నాటికే కలకత్తా, ఆగ్రా, బొంబాయి, మద్రాసు మధ్య టెలిగ్రాఫ్ తీగలు వేసేశారు. అంటే తుపాను కంటే వేగంగా పరుగెత్తగల కబురు తయారుగా ఉంది. లేనిదల్లా ఆ రెంటినీ కలిపే మనిషి. ఒక ఊళ్లో బారోమీటరులో పాదరసం జారిపోతుంటే, అంటే గాలి ఒత్తిడి పడిపోయి తుపాను దగ్గరవుతుంటే, అక్కడి దొర దాన్ని పుస్తకంలో రాసుకుని మూసేసేవాడు. ఆ అంకె పక్క రేవుకు చేరితే ప్రాణాలు దక్కుతాయని ఎవరి ఉద్యోగంలోనూ రాసిలేదు.

ఇంగ్లండులో అప్పటికే ఒకాయన ఈ పని మొదలుపెట్టాడు. రాబర్ట్ ఫిట్జ్‌రాయ్. డార్విన్ ప్రపంచం చుట్టిన బీగిల్ ఓడకు కెప్టెన్ ఈయనే. 1854లో ప్రభుత్వం పెట్టిన వాతావరణ కార్యాలయానికి అధికారి అయ్యాడు. 1859లో రాయల్ చార్టర్ అనే ఓడ తుపానులో పగిలి నాలుగు వందల మందికి పైగా మునిగిపోయాక, రేవుల నుంచి తంతి ద్వారా గాలి కబుర్లు తెప్పించుకుని, ప్రమాదం ఉన్న రేవుల్లో గుర్తులు ఎగరేయించాడు. 1861లో పత్రికలో రోజువారీ సూచనలు కూడా ఇవ్వడం మొదలుపెట్టాడు. తప్పినప్పుడల్లా జనం నవ్వారు, శాస్త్రవేత్తలు చులకన చేశారు. 1865లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ మరుసటి ఏడాది హెచ్చరికలు ఆపేశారు. కానీ రేవుల్లో జనం ఊరుకోలేదు, అవే కావాలని అడిగి మళ్లీ పెట్టించుకున్నారు.

మన దగ్గరా ముందే చెప్పి మాట పడినవాడు ఉన్నాడు. హెన్రీ పిడింగ్టన్, కలకత్తాలో ఉండేవాడు. 'సైక్లోన్' అన్న మాట పుట్టించింది ఈయనే. పాము చుట్ట అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి తీశాడు. మట్ల నది ఒడ్డున పోర్ట్ క్యానింగ్ కడతామని కంపెనీ అంటే, వద్దు, ఉప్పెన వచ్చి ఊడ్చుకుపోతుంది అని 1853లోనే రాశాడు. వినలేదు, కట్టారు. 1867లో ఉప్పెన వచ్చింది, ఆ రేవు పోయింది. అది చూడ్డానికి పిడింగ్టన్ లేడు, అంతకు తొమ్మిదేళ్ల ముందే చనిపోయాడు.

(స్క్రీన్ మీద: స్తంభానికి వేలాడే నల్లటి శంకువు, డబ్బాలాంటి స్థూపం)

1864 దెబ్బకి ప్రభుత్వం కదిలింది. 1865లో కలకత్తా రేవుకి తుపాను హెచ్చరికలు మొదలయ్యాయి. బంగాళాఖాతం ఒడ్డున ఉన్న స్టేషన్ల నుంచి తంతి రావడం, కలకత్తాలో దాన్ని చూసి రేవుకి చెప్పడం, అంతే ఏర్పాటు. ఆ తరవాత 1866లోనూ 1871లోనూ వానలు మోసం చేశాయి. చివరికి 1875లో భారత వాతావరణ శాఖ పుట్టింది. దానికి మొదటి అధికారి హెన్రీ బ్లాన్‌ఫర్డ్. ఆయన అసలు చదువు రాళ్ల గురించి. భూగర్భ శాఖలో పనికి వచ్చి, కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో పాఠాలు చెప్పి, 1864 తుపాను మీద నివేదిక రాస్తూ గాలిలో పడ్డాడు.

బ్లాన్‌ఫర్డ్ చేసిన గొప్ప పని వినడానికి చప్పగా ఉంటుంది. అందరూ ఒకే రకం పరికరంతో, ఒకే పద్ధతిలో, ఒకే సమయానికి కొలవాలి అన్నాడు. అప్పటిదాకా ఏ రాష్ట్రం లెక్క దానిదే. ఒకచోట థర్మామీటరు వరండాలో, ఒకచోట చెట్టుకింద. అలా కొలిచిన అంకెల్ని పక్కపక్కన పెడితే ఏం తెలుస్తుంది? గాలి ఆడేలా పలకల సందులున్న తెల్ల పెట్టెలో థర్మామీటరు, ఆరుబయట వాన కొలిచే గరాటు, గదిలో బారోమీటరు. చూసిన అంకెల్ని తంతిలో పంపడం. 1878 నుంచి రోజువారీ వాతావరణ నివేదిక మొదలైంది. ఇప్పుడు వార్తల్లో "ఉదయం ఎనిమిదిన్నర వరకు నమోదైన వర్షపాతం" అంటారే, ఆ ఎనిమిదిన్నర ఊరికే పెట్టింది కాదు. గ్రీనిచ్‌లో మూడు గంటలైనప్పుడు మనకు ఎనిమిదిన్నర. ప్రపంచమంతా ఒకేసారి ఆకాశం చూడాలన్న నియమం అది.

రుతుపవనాల జోస్యం పెద్ద కథ, ఇంకో వీడియోకి సరిపోతుంది. కాస్త మాత్రం చెబుతాను. మనవాళ్లు ధాత కరువు అని చెప్పుకునే 1876-78 కరువు తరవాత, వాన ఎప్పుడు తగ్గుతుందో ముందే చెప్పమని ప్రభుత్వం బ్లాన్‌ఫర్డ్‌ని అడిగింది. హిమాలయాల మీద మంచు ఎక్కువ పడితే మన వాన తగ్గుతుందన్న ఊహతో ఆయన సూచనలిచ్చాడు, 1886 నుంచి అవి అధికారికంగా వెలువడ్డాయి. ఆయన తరవాత వచ్చిన జాన్ ఎలియట్ 1899లో వానలు బాగుంటాయన్నాడు. ఆ ఏడు పడింది ఘోరమైన కరువు. పత్రికలు ఎంత ఉతికాయంటే, కొన్నేళ్లపాటు సూచనల్ని జనానికి చెప్పడం మానేసి ప్రభుత్వానికి గుట్టుగా పంపేవాళ్లు! 1904లో వచ్చిన గిల్బర్ట్ వాకర్ లెక్కల మనిషి. ప్రపంచంలోని స్టేషన్ల అంకెలన్నీ తెప్పించి, గుమాస్తాల చేత చేత్తోనే లెక్కలు కట్టించాడు. పసిఫిక్ వైపు గాలి ఒత్తిడి పెరిగితే హిందూ మహాసముద్రం వైపు తగ్గుతుందని, తక్కెడలా ఊగుతుందని పట్టుకున్నాడు. పసిఫిక్ నీళ్లు వేడెక్కడాన్ని ఇవాళ ఎల్ నినో అని మనం భయపడతామే, దానికి గాలి వైపు రెండో సగం ఇది.

సరే, మళ్లీ రేవుకొద్దాం.

(స్క్రీన్ మీద: 1 నుంచి 11 వరకు అంకెలు, ఒక్కొక్కటిగా వెలుగుతాయి)

మొదట్లో ఒక్కో రేవుది ఒక్కో గుర్తు. ఈ ఊళ్లో ప్రమాదమన్నది ఆ ఊళ్లో పరవాలేదన్నట్టు ఉండేది. 1898లో దేశంలోని రేవులన్నిటికీ ఒకే పద్ధతి పెట్టారు. పగలు శంకువులు, డబ్బాల్లాంటి స్థూపాలు. రాత్రి ఎర్ర దీపాలు, తెల్ల దీపాలు. ఒకటో నంబరు అంటే దూరంగా సముద్రంలో వాయుగుండం ఉంది, రేవుకి ఇప్పుడు భయం లేదు, బయటికెళ్లే ఓడలు చూసుకోండి. రెండో నంబరు అంటే దూరాన తుపానే ఉంది. మూడు అంటే ఈదురుగాలులు ఈ రేవుకే రావచ్చు. నాలుగు అంటే తుపాను ఈ రేవుకే రావచ్చు, కానీ ఇంకా ఖాయం కాదు. అందుకే నిజానికి మూడుని 'ప్రమాద హెచ్చరిక' అనకూడదు. ప్రమాదం అన్న మాట అయిదు నుంచే మొదలు.

అసలు తమాషా అక్కడే ఉంది. అయిదు, ఆరు, ఏడు. ఆరు అయిదు కంటే పెద్దది కాదు! మూడూ ఒకే స్థాయి ప్రమాదం. తేడా దిక్కులోనే. తుపాను వెళ్లే దారికి రేవు ఎడమ పక్కన పడితే అయిదు, కుడి పక్కన పడితే ఆరు, రేవు మీంచో పక్కనుంచో పోతే ఏడు. తుపాను తీవ్రమైతే అదే వరసలో ఎనిమిది, తొమ్మిది, పది.

కుడా ఎడమా అని ఎందుకంత పట్టింపు? మన తుపాన్లు తూర్పు నుంచి వచ్చి పడమటికో, వాయవ్యానికో పోతాయి, గాలి గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిరుగుతుంది. కాబట్టి తుపానుకి కుడివైపు, అంటే ఉత్తరాన ఉన్న ఊరికి గాలి సముద్రం మీంచి నేల మీదికి తోస్తుంది. ఉప్పెన వచ్చేది ఆ పక్కనే. ఎడమవైపు, దక్షిణాన ఉన్న ఊళ్లో గాలి నేల మీంచి సముద్రంలోకి నెడుతుంది. అక్కడ ఒక్కోసారి నీరు వెనక్కి తగ్గుతుంది కూడా. ఒకే తుపాను, పక్కపక్క రేవులు, ఒకదానికి ఎనిమిది, ఒకదానికి తొమ్మిది. ఆ ఒక్క అంకె చూసి గాలి ఎటు నుంచి కొడుతుందో కెప్టెన్ తెలుసుకుంటాడు, లంగరు తాళ్లు ఎటు బిగించాలో చూసుకుంటాడు.

(స్క్రీన్ మీద: రాడార్ గోళం, వెనక సముద్రం)

తరవాత ఓడల్లో వైర్‌లెస్ వచ్చింది. అంతకుముందు నడిసముద్రంలో పుట్టిన తుపాను ఒడ్డుకు దగ్గరయ్యేదాకా తెలిసేది కాదు. 1970లో దేశంలోనే మొదటి తుపాను రాడార్ విశాఖలో పెట్టారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఆ రాడార్ ఉంది, ఉపగ్రహం ఫొటోలూ ఉన్నాయి. తుపాను వస్తోందన్న సంగతి తెలుసు. అయినా పది వేల మందికి పైగా పోయారు. స్తంభం మీద దీపం రేవులో ఉన్న ఓడకి కనిపిస్తుంది. లంకలో పూరింట్లో పడుకున్నవాడికి ఎలా కనిపిస్తుంది? తుపాను షెల్టర్లు, ముందుగా ఊళ్లు ఖాళీ చేయించడం, ఇవన్నీ తీరంలో గట్టిగా పట్టుకున్నది ఆ తరవాతే.

ఇంకొక్క నంబరు మిగిలింది. పదకొండు.

చాలామంది పదకొండంటే అన్నిటికంటే పెద్ద తుపాను అనుకుంటారు. కాదు. వాతావరణ కేంద్రంతో సంబంధం తెగిపోయింది అని దాని అర్థం. 1898 నాటివాళ్లకి తెలుసు, తుపాను ముందు తెంపేది తంతి తీగనే అని. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద పడ్డప్పుడు కరెంటు పోయింది, సెల్ టవర్లు పడిపోయాయి, ఇంట్లోవాళ్లు ఎలా ఉన్నారో తెలియక బయటి ఊళ్లలో ఉన్నవాళ్లు టెన్షన్‌తో రోజులు గడిపారు.

పదకొండో నంబరు కట్టాలని ఏ కేంద్రమూ చెప్పదు, చెప్పలేదు. రేవులో ఉన్న అధికారే గాలి చూసి, మబ్బు చూసి, తన బారోమీటరు చూసి, కీడు వస్తోందని తోస్తే తనంత తానుగా ఆ గుర్తు ఎగరేయాలి.